ఒక్క చేత్తో తెరుచుకునే కత్తి

రెండువేల సంవత్సరం ప్రాంతంలో, తమిళనాడులో కళుగుమలై దగ్గర మా పల్లెలో ఎద్దును మేతకు తోలుకుపోతున్నాను. పలుపు జారకుండా కుడి మణికట్టుకు చుట్టుకున్నాను. లారీ హారనుకు ఎద్దు బెదిరి నన్ను రాళ్లమీద ఈడ్చుకుపోయింది. అది కంపలో చిక్కి ఆగగానే నడుమున దోపుకున్న కొత్త మడత కత్తి తీశాను. ఎడమచేత్తో ఎంత గింజుకున్నా తెరుచుకోలేదు. ఎద్దు మళ్లీ కదులుతోంది. పళ్లతో పట్టి లాగి తెరిచి, పలుపు కోశాను.

తరువాతి వారం కోవిల్‌పట్టి కొట్టులో ప్రతి కత్తినీ ఎడమచేత్తోనే తెరిచి చూశాను.

"ఏమక్కా, కత్తి కొనేదానికా వచ్చిండావు, కుస్తీకా?" అన్నాడు తెలుగువాడైన కొట్టతను.

తాడు ఒరిసిన మణికట్టు చూపించాను. అతను నవ్వు ఆపి, మెరిసే కత్తులన్నీ పక్కకు తోసి, బొటనవేలితో తెరుచుకునే చిన్నది తానే ఏరి ఇచ్చాడు.

ఇప్పటికీ ఏ కత్తి కొన్నా ముందు ఎడమచేతికే ఇచ్చి చూస్తాను.