ఎడమ చివర గులాబీ అట్ట

ఉదయం ఆరింటికల్లా మా ముందుగదిలో రికార్డు మోగేది. మా ఆయన రంగులు కలుపుకుంటూ వినేవారు, నేను టీ కాస్తూ తిట్టుకునేదాన్ని. ఆయన పనికి వెళ్ళాక పాత బనియన్ గుడ్డ తీసుకుని, అరలోని ఏడు రికార్డులనూ ఒక్కొక్కటే తీసి, తుడిచి, ఉన్న వరుసలోనే పెట్టేదాన్ని. మూడు నెలలుగా ఆరింటికి ఏమీ మోగడం లేదు. టీ ఒక్క గ్లాసే. తుడవడం మాత్రం మానలేదు, పోయినవారం వరకూ.

ఆయన దుకాణాలకు బోర్డులు రాసేవారు. పాటల దుకాణం ఒకటి తెరిచినప్పుడు దాని బోర్డు రాసింది ఆయనే. అది మూతపడ్డప్పుడు ఆ పేరు మీద తెల్లరంగు కొట్టడానికి పిలిచిందీ ఆయన్నే. "వీటిని ఎవడూ కొనలేదు, పట్టుకుపో" అంటూ దుకాణదారు ఒకే ఇంగ్లీషు బ్యాండువాళ్ళ రికార్డులు ఏడూ చేతిలో పెట్టాడట. వాళ్ళది మొదట పోస్ట్ పంక్ అనే రకం పాట అట, తర్వాత న్యూ వేవ్ అయిందట. నాకు తెలిసిందల్లా, వాళ్ళు మొదట చేసిన మూడింటిలో ఒకడు పన్ను పోటు వచ్చినట్టు అరుస్తాడు, గిటారేమో రేకు మీద మేకుతో గీసినట్టుంటుంది. తర్వాత్తర్వాత డ్రమ్ముల మెషీను వచ్చింది, అరుపు తగ్గింది. నాకు ఇంగ్లీషు రాదు. అట్టల్ని బట్టే గుర్తు: బూడిదరంగుది, మెట్లది, నల్లది, కిటికీది, పచ్చది, గులాబీది, ఖాళీ కుర్చీది.

అరలో ఎడమ చివరది ఆయన లెక్కలో మొదటిది, కుడి చివరది అన్నిటికన్నా నాసి. ఆయన మనసు మారినప్పుడల్లా వరుస మారేది. "ఏమోయ్, మెట్లది ఒక స్థానం పైకెక్కింది!" అని కేకేసేవారు, ఇంట్లో పిల్ల పరీక్ష పాసైనంత సంబరంగా.

"మెట్లున్నాయిగా, ఎక్కదా మరి" అనేదాన్ని వంటింట్లోంచి.

ఆదివారాలు ప్రెస్సాయన వచ్చేవాడు. రికార్డుల పిచ్చి ఉన్న కొద్దిమంది కోసం ఒక చిన్న పత్రిక అచ్చు వేస్తాడు. వేలు నాలిక మీద తడి చేసుకుని మరీ అట్టలు తిరగేస్తాడు. సోమవారం ఆ ఉమ్మి మరకలు తుడవడం నా వంతు. మా ఆయన పోయిన రోజున గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, వెంట వచ్చిన వాచీల రిపేరాయనతో "మూడోదీ నాలుగోదీ తేల్చకుండానే పోయాడు చూడు" అన్నాడు. నేను తలుపు వెనకే ఉన్నాను.

గులాబీది రెండేళ్ళ కిందట ఎడమ చివరకు చేరింది. అది చూసి ప్రెస్సాయన పడీ పడీ నవ్వాడు. "ఇది మొదటిదా గురూ! దీనికంటే మా ప్రెస్సు మెషీను బాగా పాడుతుంది."

మా ఆయన బ్రష్షు కడుక్కుంటూ "అరవడం ఎవడికైనా వస్తుంది. అరిచి పేరు తెచ్చుకున్నవాడు అరుపు మానాలంటే దమ్ముండాలి" అన్నారు. నిజం చెప్పాలంటే గులాబీది నాకూ నచ్చదు. ముక్కుతో పాడతాడు. కానీ ఆయన అన్న మాట మాత్రం నచ్చింది.

పోయినవారం ప్రెస్సాయన కెమెరా తెచ్చాడు.

"వదినా, వచ్చే సంచిక మావాడి జ్ఞాపకార్థం. వాడి ఆఖరి వరుస అచ్చు వేస్తాం. అరను ఒక ఫోటో తీసుకుంటా."

ఇన్నాళ్ళూ మంచిమనిషిని ఆడిపోసుకున్నాననుకుని టీ పెట్టడానికి లేచాను. గ్లాసుతో తిరిగొచ్చేసరికి ఫోటో తీయడం అయిపోయింది. ఎడమ చివర బూడిదరంగుది ఉంది. గులాబీది కుడి చివరకు పోయింది. దాని అంచున తడి వేలిముద్ర.

"వరుస మారింది అన్నయ్యా."

"లేదే! ఇలాగే ఉందిగా."

"మొదట గులాబీ. తర్వాత మెట్లు, బూడిద, కుర్చీ, నలుపు, కిటికీ, పచ్చ."

గోడ నోరు విప్పినట్టు చూశాడు నావైపు. "మీకు ఇంగ్లీషు రాదు కదా?"

"దుమ్ము తుడవడానికి ఇంగ్లీషెందుకు?"

"వాడి పరువు కోసమే వదినా. గులాబీది మొదటిదని వేస్తే నలుగురూ నవ్వుతారు. పోయినవాడు వచ్చి అడుగుతాడా?"

"ఉన్నప్పుడు మీరు నవ్వారుగా. ఆయన మార్చారా?"

"మీకివన్నీ అర్థం కావులెండి" అని బిస్కెట్టు టీలో ముంచాడు. అది విరిగి గ్లాసులో పడింది. వేలు పెట్టి తీసుకుని తిన్నాడు. అదే వేలు.

"ఆయన వరుస ఉన్నదున్నట్టు వేయండి. లేదా ఆయన పేరు తీసేయండి."

"చూద్దాంలెండి" అంటూ వెళ్ళిపోయాడు.

నిన్న పత్రిక వచ్చింది. అదే ఫోటో, ఎడమ చివర బూడిదరంగుది. కింద "తుదిశ్వాస దాకా దీన్నే నెత్తిన పెట్టుకున్న రసికుడు" అని రాశారు. ఊరి నిండా ఎవరెవరి పేర్లో ఒక్క అక్షరం తప్పు పోకుండా రాసిన మనిషి చేత, పోయాక అబద్ధం చెప్పించారు. ఛీ! అందుకే రాయడం అలవాటు లేకపోయినా ఇది రాస్తున్నాను. పైన నేను చెప్పిన వరుసే ఆయనది.

ఆ రోజే గులాబీదాని మీది తడి తుడిచి, ఏడింటినీ వాటి వాటి చోట్లలో పెట్టేశాను. ఆ తర్వాత గుడ్డ ముట్టలేదు. వచ్చే సంచికకు ఇంకో ఫోటో కావాలట, ఆదివారం వస్తానని ప్రెస్సాయన కబురు పెట్టాడు. రానీ. అర మీద, అట్టల అంచుల మీద సన్నగా దుమ్ము పట్టింది. ఏది వేలెడంత కదిలినా, దేని మీద వేలు పడినా ఇట్టే తెలిసిపోతుంది. గుడ్డ అక్కడే మేకుకు వేలాడుతోంది. తుడవను.