కీర్తనలో ఆగిన చోటు

రెండు నెలల కిందట ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చున్నాను. ఫోను టింగుమంది. కలకత్తా సాల్ట్ లేక్ నుంచి మా మేనకోడలు ఓ వీడియో పంపింది. కింద ఒక్క ముక్క రాయలేదు. కళ్ళద్దాలు వెతుక్కుని చూద్దును కదా, మా వేల్స్ ఆయన! ఒకప్పటి బాక్సింగ్ ఛాంపియను. జుట్టు పలచబడింది, బుగ్గలు జారాయి, సోఫాలో భార్య పక్కన బుద్ధిగా కూర్చున్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషి, మొదటిసారి బెల్టు గెలిచిన రోజు నిన్ను భుజానికెత్తుకున్నది ఎవరు, పేరేమిటి అని అడిగాడు. ఆయన నవ్వి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. చిన్నపిల్లవాడు టీచరు వైపు చూసినట్టు భార్య వైపు చూశాడు. ఆవిడ మెల్లగా పేరు అందించింది. అది ఆయన కన్నతండ్రి పేరు. నా చేతిలో దుంప జారి మంచం కిందకి దొర్లిపోయింది. దాన్ని సాయంత్రం దాకా తియ్యలేదు.

హౌరా దగ్గర లిలువాలో రైల్వే వర్క్‌షాపు పక్కన బతికే మాకు వేల్స్ బాక్సరుతో చుట్టరికం ఎలా కలిసిందని అడుగుతారేమో, చెబుతాను. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. నేను అదే వర్క్‌షాపు ఆఫీసులో టైపిస్టుగా చేరి, పెళ్ళీ గిళ్ళీ అనే రభస లేకుండా, టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చేదాకా లాగి రిటైరయ్యాను. తమ్ముడు ఫిట్టరు. వాడికి కుర్రతనంలో బాక్సింగ్ పిచ్చి. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మూడు పోటీల్లో నిలబడి మూడింట్లోనూ పడ్డాడు. ఆ పడినవాడి కోరికంతా కూతురి భుజాల మీదకి ఎక్కింది. దానికి పదేళ్ళు నిండకముందే క్వార్టరు వరండాలో గోనెసంచీలో పాతగుడ్డలు కూరి వేలాడదీశాడు. అది దబదబమని గుద్దుతుంటే పక్కింటి బెంగాలీ ముసలావిడ గోడ అవతలి నుంచి దుర్గమ్మని తలుచుకునేది. నేను ఇవతలి నుంచి యేసయ్యని తలుచుకునేదాన్ని.

నేను పుట్టుపిరికిదాన్ని. ఆ మాట దాచుకోను. ట్రామెక్కాలన్నా భయమే, లిఫ్టెక్కాలన్నా భయమే. అలాంటిదాన్ని పట్టుకుని మా మేనకోడలు తన గురువుని చూపిస్తానంది. ఫోనులో చూపించిన గురువే ఈ వేల్స్ ఆయన. ఇంగ్లండు పక్కన చిన్న దేశమట, వానా, కొండలూ, బొగ్గూనట. తాత గనిలో పనిచేశాడట, నాన్నే శిక్షణ ఇచ్చాడట. సాధన చేసింది ఎక్కడా, తమ చర్చి కింద గదిలోనట! పైన కీర్తనలు, కింద గుద్దులు. ఇక మనవాడు కాకపోతే ఎవరు? నేను ఈ సంగతి స్త్రీల ప్రార్థన కూడికలో చెప్పానో లేదో, అందరూ ‘మనోడే, మనోడే’ అన్నారు. ఆయనకి పోటీ ఉన్న వారమల్లా లిలువా అమ్మలక్కలు ‘వేల్స్ సహోదరుడి’ కోసం మోకరించారు. పాపం ఆయనకి తెలీదు, తన గెలుపుల వెనక ఎంతమంది తెలుగు ఆడవాళ్ళ మోకాళ్ళు అరిగాయో.

ఆయన పోటీలన్నీ నేను దిండు అడ్డం పెట్టుకునే చూశాను. ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు తిని, నేనూ అదీ మంచం మీద చేరేవాళ్ళం. నేను దిండులో మొహం దాచుకుని, “అయిపోనాదేటే?” అనేదాన్ని. “నేదత్తా, నిలబడే ఉన్నాడు. సూడు, ఎడమ సెయ్యి సూడు!” అనేది అది. నిజమే, ఎడమచెయ్యి ఎప్పుడు వచ్చేదో తెలిసేది కాదు, అవతలివాడి తల వెనక్కి పోవడమే కనపడేది. మొదటి బెల్టు గెలిచినప్పుడు వాళ్ళ నాన్న ఆయన్ని భుజానికెత్తుకుని రింగంతా తిప్పాడు. అది చూసి మా తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. అటు తరవాత చాన్నాళ్ళు ఆయనకి ఎదురులేదు. ఒకసారి ఓడాడు, ఏడాదికల్లా మళ్ళీ గెలిచాడు. మా పిల్ల కూడా ఎడమచెయ్యి కిందకి జార్చి అచ్చం ఆయనలాగే నిలబడడం నేర్చింది. జిల్లా గెలిచింది, రాష్ట్రం పోటీలకి వెళ్ళింది. ఇన్‌స్టిట్యూట్‌లో కుర్రాళ్ళందరూ దానికి దాదాలే, అంటే బెంగాలీ అన్నలే, దాంతో తలపడడానికి మాత్రం ఒక్క దాదాకీ ధైర్యం చాలేది కాదు.

ఆయన ఆఖరి పోటీ నేను మరిచిపోలేను. దిండు తీసి చూసిన ఒకే ఒక్క పోటీ అది, ఎందుకు తీశానో! రౌండు అయిపోయినట్టు గంట కొట్టారు. ఆయన మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి ఎదుటివాడి మూలలో, ఎదుటివాడి స్టూలు మీద కూర్చోబోయాడు. మా పిల్ల పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. అక్కడ ఆయన నాన్న పరుగున వచ్చి, భుజాలు పట్టి, తన మూలకి తిప్పుకుపోయాడు. నీళ్ళు పట్టించాడు, మొహం తుడిచాడు, చెవిలో ఏదో చెప్పాడు. మళ్ళీ గంట కొడితే మళ్ళీ పంపించాడు! క్షమించమని వారం వారం చెప్పుకునే మనుషులం గానీ, ఆ తండ్రిని నేను ఇంతవరకూ క్షమించలేదు.

మా నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది మా ఇంట్లో. సాయంత్రం భోజనాల ముందు ప్రార్థన, ఆ ప్రార్థనలో ఇంటికి చిన్నవాళ్ళు బైబిల్లోని ఒక కీర్తన చూడకుండా అప్పజెప్పాలి. ఒకప్పుడు తమ్ముడు చెప్పేవాడు, తరవాత వాడి కూతురు. మాటలొచ్చిన నాటి నుంచీ అదే కీర్తన. ఆకలి మీద రైలు బండిలా లాగించేసేది, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా మాకు తెలుసు. రైల్వే ఉద్యోగానికి ఆటల కోటాలో ట్రయల్స్ తొమ్మిది రోజుల్లో ఉన్నాయనగా, ఒక సాయంత్రం ఆ కీర్తన మధ్యలో ఆగిపోయింది. దగ్గు రాలేదు, నవ్వు రాలేదు, ఊరికే ఆగింది. కళ్ళు తెరిచి గోడ వైపు చూసింది. తమ్ముడు, “ఆకలేస్తన్నట్టున్నాది, ఒగ్గేయండి” అన్నాడు. మరదలు కంచాలు పెట్టింది. నాకు మాత్రం ఎదుటివాడి స్టూలు మీద కూర్చోబోయిన ఆ మనిషి కళ్ళ ముందు కనిపించాడు.

పిల్లని వంటింట్లో పట్టుకుని అడిగాను. ముందు, “ధుర్, ఏటీ నేదు” అంది. చెయ్యి వదల్లేదు నేను. అప్పుడు చెప్పింది, పది రోజుల కిందట సాధనలో కణతకి గట్టి దెబ్బ తగిలిందనీ, అప్పటి నుంచీ ఎండలోకి వెళితే తల పగిలిపోతోందనీ.

“మీ నాన్నకి సెప్పినావా?”

“సెప్తే ట్రయల్ మానిపించేస్తాడు. పదిహేనేళ్ళ కష్టం అత్తా! ఈ ఏడాది దాటితే నాకు వయసు దాటిపోద్ది. తొమ్మిది రోజులు, అంతే. కిచ్ఛు హబే నా, ఏటీ అవదు. నాన్నకి సెప్పనని ఒట్టెయ్యి.”

మేము ఒట్లు వెయ్యకూడదు. వేశాను.

ఆ రోజులు ఎలా గడిపానో ఆ పైవాడికే తెలియాలి. అది మెట్లు దిగుతుంటే వెనకే దిగేదాన్ని. పడుకుంటే ఊపిరి చూసేదాన్ని. ఏదో వంకన మాటలడిగేదాన్ని, అది ఏం పప్పు, ఇది ఏం కూర, మీ స్కూలు టీచరు పేరేమిటే అని. ఓసారి జవాబు రావడానికి కాస్త ఆలస్యమైతే అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగాను. నోరు విప్పితే దాని పదిహేనేళ్ళ కష్టం బూడిదవుతుంది. విప్పకపోతే పిల్లే దక్కదేమో. ఎవరితో చెప్పుకోను?

గురువారం స్త్రీల కూడిక. అక్కడ ప్రార్థన కోరికలు చెప్పుకోవడం మా ఆనవాయితీ. గుట్టుగా ఉండాల్సినవి పేరు చెప్పకుండా ‘ఒక సహోదరి’, ‘ఒక కుటుంబం’ అని చెబుతాం. పాస్టరమ్మగారు నోటుబుక్కులో రాసుకుంటారు. నా వంతు వచ్చింది. పేరు చెప్పకపోతే ఒట్టు తప్పినట్టు కాదు కదా అనుకున్నాను. “ఒక ఆడబిడ్డ. తలకి దెబ్బలు తగిలే పని. కీర్తన మరిచిపోతంది. ఆ బిడ్డ కోసం” అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. లిలువా మొత్తం మీద తలకి దెబ్బలు తగిలే పని చేసే తెలుగు ఆడబిడ్డ ఎంతమంది ఉంటారు చెప్పండి! ఆ మాత్రం నాకు తట్టలేదా? తట్టలేదనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.

ఆ బుక్కు ఆదివారం పాస్టరుగారి చేతికి వెళుతుందనైతే నిజంగా అనుకోలేదు. ఆయన గొంతు పెద్దది. ఒక సహోదరుని బదిలీ కోసం అన్నారు, ఒక తల్లి కాన్పు కోసం అన్నారు. తరవాత, “రింగులో దెబ్బలు తిని కీర్తన మరిచిపోతున్న ఒక ఆడబిడ్డ కోసం” అన్నారు. రింగు అన్న మాట నేను అననేలేదు, ఎవరు చేర్చారో! “కన్నులు మూసుకుందాం” అన్నారు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను. మూడో వరసలో మా తమ్ముడు మెడ తిప్పి నా వైపు చూస్తున్నాడు. ఎదురుగా పాటల బృందంలో మా పిల్ల, అది కూడా కళ్ళు తెరిచే ఉంది. అన్ని వందల మూసిన కళ్ళ మధ్య మా ముగ్గురి కళ్ళే తెరిచి ఉన్నాయి. ఆ ప్రార్థన ఎంతసేపు సాగిందో!

తమ్ముడు మర్నాడు పొద్దున్నే కూతుర్ని ఆస్పత్రికి తీసుకుపోయాడు. స్కాన్ తీశారు. అందులో ఏదైనా తేలి ఉంటే నాకు ఊరటగా ఉండేదేమో, ఎంత పాపిష్టి మాటో! ఏమీ తేలలేదు. స్కాన్ బాగుందంటే బాగున్నట్టు కాదు, ఆరు నెలలు గ్లవ్స్ తొడగకూడదని మాత్రం రాసిచ్చాడు డాక్టరు. ట్రయల్స్ వెళ్ళిపోయాయి. వాటితో పాటు వయసూ దాటింది. తమ్ముడు గోనెసంచీ విప్పి గుడ్డలన్నీ వరండాలో కుప్పపోసి, వాటి పక్కనే చాలాసేపు కూర్చున్నాడు. మా పిల్ల నా ముందు నిలబడి, “నువ్వు దేవుడికి సెప్పినావా అత్తా, ఊరికి సెప్పినావా?” అంది.

సాల్ట్ లేక్‌లో ఆఫీసు పని దొరికి, తోటి అమ్మాయిలతో అక్కడే గది తీసుకుంది. రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. మూడో ఏట నుంచి పండగలకి ఓ పలకరింపు, తిన్నావా అంటే తిన్నాను అనడం, అంతే. కీర్తన ఇంట్లో మళ్ళీ ఎవరూ చెప్పలేదు. పిల్లదాని బతుకు మీద నేను మట్టి పోశాననే అనుకుంటూ వచ్చాను. అన్నేళ్ళ తరవాత ఆ వీడియో.

ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

“సూసినావా?”

“సూసినాను.”

అటు వైపు ఆటో హారన్లు వినిపిస్తున్నాయి. తరవాత మెల్లగా అంది, “అత్తా, ఆ వారంలో ఒకటి జరిగినాది. నీకు సెప్పనేదు, డాక్టరుకీ సెప్పనేదు. పట్టపగలు లిలువా స్టేషన్లో దిగినాను. ఇంటికి ఏ వైపు ఎల్లాలో తెలీనేదు. బెంచీ మీద కూకున్నాను. ఎంతసేపో తెలీదు. మన పక్కింటి ఆంటీ కనపడితే ఆవిడెనకాల ఒచ్చేసినాను.”

పుట్టి పెరిగిన ఊరి స్టేషను! కళ్ళకి గంతలు కట్టినా ఇంటికి రాగల పిల్ల! ఎప్పుడో గడిచిపోయిన భయం ఇంత కొత్తగా వస్తుందని నాకు తెలీదు. నేను నిద్రపోతున్న దాని ఊపిరి చూస్తూ కాపలా కాశాననుకున్నాను, అది పగలు బెంచీ మీద ఒక్కతీ కూర్చుంది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నోటికి వచ్చింది మాత్రం ఒకటే.

“కీర్తన సెప్పవే.”

“ఇప్పుడా? రోడ్డు మీదున్నాను.”

“సెప్పు.”

విసుక్కుంటూ మొదలెట్టింది, అదే రైలు బండి వేగం. నేను వేళ్ళ మీద కీర్తన పాదాలు లెక్కపెట్టుకుంటూ లేచి నిలబడ్డాను. ఆ చోటు వచ్చింది. ఆగింది. హారన్లు తప్ప ఏమీ వినపడలేదు. గోడ పట్టుకున్నాను.

“బయమేసినాదేటి?” అని కిసుక్కున నవ్వి, మిగతాది గబగబా చెప్పేసింది.

అప్పటి నుంచీ ప్రతి ఆదివారం చెప్పిస్తున్నాను. ప్రతిసారీ అక్కడ ఆగుతుంది. ఆటపట్టించడానికేనంటుంది, నమ్ముతాను. కాలం ఎవరి కోసం ఆగదంటారు గానీ, నాకు మాత్రం అది ఆ రెండు పాదాల మధ్యే ఆగిపోయి ఉంది. వారానికొకసారి మా పిల్ల దయతలిచి, దాన్ని కాస్త ముందుకి కదుపుతుంది.