గుమ్మడికాయ మీద నేర్చిన క్షవరం

బందరు ఈడేపల్లిలో హైస్కూలు పంతులు సూర్యప్రకాశరావుకు తెలియని విషయమంటూ లేదు. భార్య ఆండాళ్‌తో కాపురం పెట్టి ఇరవయ్యారేళ్ళయింది. అన్నేళ్ళలో ఆవిడ మొదలుపెట్టిన మాట ఒక్కటీ ఆవిడ నోట పూర్తి కాలేదు. సగంలో ఆయన అందుకునేవాడు.

1930లో ఆయనకు స్వావలంబన పట్టుకుంది. ఎవరో దొర సామాను వేలం వేస్తుంటే మడతకత్తి ఒకటి కొన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఇంటికొచ్చి గడ్డం గీస్తున్న మంగలి పోతయ్యతో, వీధి వీధంతా వినేలా, “ఇక నీ చేయి నా మొహం మీద పడదు” అని చెప్పేశాడు. పోతయ్య పొది సర్దుకుని వెళ్ళిపోయాడు.

అక్కణ్ణుంచి మొహానికి మూడింది. చన్నీళ్ళు చిలకరించుకుని, కత్తిని నిలువుగా పట్టి, కొబ్బరి కోరినట్టు గీకేవాడు. వెంట్రుక తెగడం లేదని ఇంకా అదిమేవాడు. అప్పుడు చర్మం తెగేది. పైగా కుడిచేతికి ఈమధ్య వణుకొకటి. క్లాసులో పిల్లలు ఆ రోజు గాట్లెన్నో నల్లబల్ల మూల అంకె వేసి ఉంచేవాళ్ళు.

అలా ఉండగా, వచ్చే బుధవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడన్నారు. ఆ గాట్లు చూసి వణుకు సంగతి కనిపెడితే ఉద్యోగానికి ఎసరే. పోతయ్యను పిలుద్దామంటే పరువు అడ్డం.

“నేను గీస్తానండీ” అంది ఆండాళ్.

“వంకాయనుకున్నావా?”

“వంకాయనైనా మీకంటే జాగ్రత్తగానే చూస్తాను.”

పోతయ్య చేతిని ఆవిడ ఇరవై ఏళ్ళు తలుపు చాటు నుంచి చూసింది. చూసినంత మాత్రాన చేయి తిరుగుతుందా? వడియాలకని తెచ్చిన బూడిదగుమ్మడికాయలు వసారాలో ఉన్నాయి. ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని మడతకత్తి తీసింది. ఆడది గుమ్మడికాయ కొయ్యకూడదు, మొదటి దెబ్బ మగవాడే వెయ్యాలి. అత్తగారు పోతూ పోతూ కూడా ఆ మాట చెప్పే పోయింది. మరి పైనున్న బూడిద గీస్తే కోసినట్టా? కాదని ఆండాళ్ తనకు తనే శాస్త్రం చెప్పేసుకుంది. పచ్చటి తొక్కకు గాటు పడకుండా తెల్లటి బూడిద మాత్రం ఊడిరావాలి. గాటు పడిందా, ఇంటికి అరిష్టం. ఆ భయానికే చేయి తేలికైపోయింది. కత్తిని ఇంచుమించు పడుకోబెట్టి, దాని బరువుతో దాన్నే నడవనిచ్చింది. తోలుపట్టీ మీద సాన పట్టేటప్పుడు కత్తి వీపు ముందు నడవాలని రెండోకాయ దగ్గర తెలిసింది. నాలుగు కాయలు నున్నగా బోడి అయ్యాయి. నిజం చెప్పాలంటే మొగుడి గొంతు మీదకంటే ఆవిడకు గుమ్మడికాయ మీదే బెంగ ఎక్కువ.

బుధవారం పొద్దున్నే ఆయన్ను పెరట్లో పీట మీద కూర్చోబెట్టింది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ కప్పి గడ్డం మెత్తబడనిచ్చింది. సబ్బు నురగ పూసి, ఎడమ బొటనవేలితో చెంప సాగదీసి, వెంట్రుక వాలిన వైపుకే కత్తి నడిపింది.

“ఏమే, అక్కడ కాస్త...”

“కదిలితే తెగుతుందండీ.”

ఆయన నోరు మూసుకున్నాడు. ఇంట్లో ఆండాళ్ గొంతు ఒక్కటే వినిపించడం అదే మొదలు. ఘంటసాల ఊళ్ళో ఉండే రమాదేవి పిన్ని కోడలితో పడ్డ తగువు మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఎవరూ అడ్డు రాలేదు. పెళ్ళినాడు కూడా ఆవిడకు అంత సంతోషం కలగలేదు.

ఇన్‌స్పెక్టరుగారు పాఠం మెచ్చుకున్నారు. తోటి పంతుళ్ళు గడ్డం మెచ్చుకున్నారు. “కత్తి పట్టడానికి ఒక పద్ధతుందండీ” అన్నాడు సూర్యప్రకాశరావు. ఆ సంగతి చెవిన పడినా ఆండాళ్ పట్టించుకోలేదు. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు ఆ గడ్డం ఆవిడ చేతికే వచ్చింది. పేరు ఆయన్నే ఉంచుకోమను, సోమవారం ఒక పావుగంట, బుధవారం ఒక పావుగంట తనకు మిగిలితే చాలనుకుంది.

మూడు నెలలు గడిచాక బజారులో పోతయ్య ఎదురుపడ్డాడు. పంతులుగారి చెంపను ఒక్క క్షణం చూశాడు.

“ఇది మీ చేయి కాదండీ. ఎవరో ఎదురుగా నిలబడి గీశారు. మంచి చేయండి.”

పెళ్ళాం చేత గీయించుకుంటున్నాడని బందరంతా పొక్కితే ఇంకేమన్నా ఉందా? బుధవారం నుంచి ఇంటికి రమ్మని అక్కడికక్కడే పోతయ్యను బతిమాలుకున్నాడు.

బుధవారం పోతయ్య వచ్చాడు. ఆండాళ్ మడతకత్తిని పోపులపెట్టెలో పడేసి మూత వేసింది. ఏడుపొచ్చింది. సోమవారంనాడు, రమాదేవి పిన్ని గుడివాడ సంతలో అమ్మిన గేదె తాడు తెంపుకున్నదాకా చెప్పిందో లేదో, గడ్డం అయిపోయింది. మిగతాది ఇక చెప్పేదెప్పుడు? వీధరుగు మీద పోతయ్య గడ్డం గీసినంతసేపూ ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా కత్తి పైకెత్తడం పోతయ్యకు ఎప్పుడో అలవాటే.

మళ్ళీ సోమవారం ఆండాళ్ పెరట్లో గిన్నెలు తోముతుంటే సూర్యప్రకాశరావు వేడినీళ్ళ చెంబు తానే పట్టుకొచ్చి పీట వేసుకున్నాడు.

“పోతయ్యను రావద్దన్నాను” అన్నాడు.

“ఎందుకని? అతని చేయి మంచిదేగా.”

“చేయి మంచిదే.” ఆయన గోడవైపు చూశాడు. “ఇంతకీ ఆ గేదె ఇల్లు చేరిందా?”

ఆండాళ్ చేతులు కడుక్కుని, పోపులపెట్టె తెరిచి కత్తి తెచ్చింది.

“ముందు మీరు నోరు మూసుకోండి, చెప్తాను” అంది.