రాజావారి చెక్క అరుగు

ఆ వీధిలో వడ్రంగిని అందరూ రాజావారు అనేవారు. కోట లేదు, కిరీటం లేదు. ఉన్నదల్లా ఒక గది దుకాణం, దాని వెనక రెండు గదుల ఇల్లు, చెవి మీద ఒక పెన్సిలు ముక్క. అయినా ఆ పేరు ఊరికే రాలేదు. "నేను పుట్టేటప్పుడు ఏ గవర్నమెంటునీ అడిగి పుట్టలేదు. నా మీద పెత్తనం చేసుకోమని ఎవరికీ మాటివ్వలేదు. నా గుమ్మానికి నేనే రాజుని, నేనే మంత్రిని, నేనే బంట్రోతుని" అని తలుపు చేయించుకోవడానికి వచ్చినవాడికి కూడా వినిపించకుండా వదిలేవాడు కాదు. తలుపు కావాలంటే ఆ ముక్క వినాలి, తప్పదు.

మున్సిపాలిటీ వాళ్ళు ఇంటి నంబరు రేకు కొట్టి వెళితే, మేకులు జాగ్రత్తగా ఊడదీసి, రేకు తుడిచి, ఆఫీసుకు వెళ్ళి మర్యాదగా తిరిగి ఇచ్చేసి వచ్చాడు. దాని బదులు గుమ్మం మీద ఒక పిచ్చుకను చెక్కుకున్నాడు. పోస్టుమాన్‌కి ఆ పిచ్చుకే గుర్తు. రోడ్డు మీద గొయ్యి పడితే ఎవరికీ చెప్పేవాడు కాదు. అడగడమంటే లొంగడమేనని అతని లెక్క. తనే రాళ్ళు తెచ్చి పూడ్చేవాడు. ఆ పంతం వల్ల వీధి బాగుపడిందని నలుగురూ ఒప్పుకునేవారు.

అన్నిటికంటే వింత అతని కొలకర్ర. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా ఎంత పొడవుందో అంత కర్ర తీసుకుని, దాని మీద తన వేళ్ళ వెడల్పున గాట్లు పెట్టుకున్నాడు. పనంతా దానితోనే. "అంగుళాలు వాళ్ళవి, కర్ర నాది" అనేవాడు. అతను చేసిన బీరువాకి అద్దం బిగించాలంటే అద్దాల కొట్టువాడు తల పట్టుకునేవాడు. ఏ అద్దమూ పట్టేది కాదు, ఒకవైపు బొటనవేలంత సందు మిగిలేది. ఆ సందుకి సరిపడా బద్ద చెక్కి అతికించి, అదే అందమని దబాయించేవాడు రాజావారు.

ఇంట్లో మాత్రం ఆ రాజ్యాంగం చెల్లేది కాదు. "ఏమండీ, రాజూ మీరే, బంట్రోతూ మీరే కదా, ఆ బంట్రోతుని కాస్త పంపండి, బిందె ఎత్తాలి" అనేది భార్య. వెళ్ళి ఎత్తేవాడు.

ఇక అతనికి సరిజోడు అక్క మొగుడు. బావ మున్సిపాలిటీలో జనన మరణాల సెక్షన్‌లో చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరయ్యాడు. చొక్కా పైబొత్తాం ఎప్పుడూ విప్పడు. ఖాళీ రోడ్డయినా అటూ ఇటూ చూసే దాటుతాడు. ఆయన ఇల్లు దుకాణానికి ఎదురు సందులోనే, పల్లంలో ఉంది. సాయంత్రం అయ్యేసరికి రోడ్డు దాటి వచ్చి చెక్క అరుగు మీద కూర్చునేవాడు.

ఆ అరుగు గురించి చెప్పాలి. దుకాణం పెట్టిన ఏడాదే రాజావారు దాన్ని కట్టుకున్నాడు. గుమ్మం ముందు మురుగుకాలవ ఉంది. ఆ కాలవలోకే గుంజలు దించి, వాటి మీద మందపాటి పలకలు పరిచి, అరచేతికి తగిలితే నిద్రొచ్చేంత నున్నగా చిత్రిక పట్టాడు. వీధిలో వెళ్ళే ముసలీ ముతకా అందరూ దాని మీద ఓ నిమిషం కూర్చుని వెళ్ళేవారు. రాజావారి రాజ్యంలో అంత గొప్ప కట్టడం మరొకటి లేదు. బావా బావమరుదులు వాదించుకునేది దాని మీద కూర్చునే.

"బావా, ఒక్క మాట చెప్పు. నేనెవరికీ అపకారం చెయ్యను. నా పని నేను చేసుకుంటాను. మధ్యలో గవర్నమెంటుకి నాతో ఏం పని?"

"నువ్వు పుట్టావని రాసింది మా సెక్షనేరా."

"రాయకపోతే పుట్టకుండా ఆగేవాణ్ణా?"

"నువ్వు నడిచే రోడ్డో?"

"దాని గోతులు పూడ్చింది నేను."

"వీధి దీపం?"

"వెలిగినరోజు మాట్లాడుకుందాం."

"సరే, దొంగ పడితే?"

"నా దగ్గర బాడిశ ఉంది."

"వాడి దగ్గర అంతకంటే పెద్ద బాడిశ ఉంటే?"

ఇక్కడికొచ్చేసరికి రాజావారికి దాహం వేసేది. లోపలికి వెళ్ళి ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చి, వేరే దారిలో మళ్ళీ మొదలుపెట్టేవాడు. గెలుపోటములు ఎప్పుడూ తేలలేదు. తేలితే మర్నాడు ఏం చేస్తారు పాపం? బావ రాని సాయంత్రం రాజావారికి ఉలి చేతికి ఆనేది కాదు. ఆ మాట మాత్రం ఆయనతో చచ్చినా చెప్పేవాడు కాదు.

ఒక పొద్దున మున్సిపాలిటీ వాళ్ళు ఇద్దరు ఎర్రరంగు డబ్బాతో వచ్చారు. అరుగు మీద అడ్డంగా ఒక గీత గీశారు. గీతకి అవతల ఉన్నదంతా కాలవ జాగా అని, సోమవారం వచ్చి కోసేస్తామని చెప్పి వెళ్ళిపోయారు. రాజావారి ముఖం కందగడ్డ అయింది. "ఎవరొస్తారో నేనూ చూస్తాను. నేనిక్కడే పడుకుంటా. నాతో కలిపి కోసుకోమనండి" అంటూ గీతకి అడ్డంగా వెల్లకిలా పడుకున్నాడు. భార్య లోపలినుంచి దిండు తెచ్చి తల కింద పెట్టింది. "పడుకుంటే పడుకున్నారు గానీ మెడ పట్టేస్తుంది" అంది.

ఆ సాయంత్రం బావ వచ్చాడు. గీత చూశాడు. ఏమీ అనకుండా ఓ మూల కూర్చుని తన మోకాళ్ళు తను రుద్దుకున్నాడు. "మాట్లాడవేం? చట్టం చట్టమే అను. అను, వింటాను" అని రెచ్చగొట్టాడు రాజావారు. బావ నీళ్ళు నమిలాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేని ఆ మౌనానికి రాజావారికి ఎర్రగీత కంటే ఎక్కువ భయం వేసింది.

మర్నాడు బావ ఒక పని మీద వచ్చాడు. మంచం కాళ్ళ కింద పెట్టుకోవడానికి నాలుగు చెక్క దిమ్మలు కావాలన్నాడు.

"ఎందుకు?"

"మీ అక్కకి మోకాళ్ళు నొప్పి. మంచం ఎత్తుగా ఉంటే లేవడానికి వీలుగా ఉంటుందనీ."

"మోకాళ్ళ నొప్పి నీకు కదా?"

"ఇద్దరికీను. దిమ్మలివ్వు, నేనే పెట్టుకుంటాలే."

కొలవకుండా చెక్క ముక్క ఇవ్వడం రాజావారి ఒంట్లో లేదు. పైగా ఆ మంచం అక్క కోసం అతను స్వయంగా చేసింది. బావ కూరలకని వెళ్ళగానే కొలకర్ర చంకన పెట్టుకుని సందులోకి నడిచాడు. ఆ సందులోకి అతను వెళ్ళేది తక్కువ. అక్కే రోజూ ఇటు వచ్చిపోతూ ఉండేది. వానాకాలంలో అయితే, "నువ్వు రాకురా, బురద" అని గుమ్మంలోంచే తిప్పి పంపేసేది.

మంచం కింద కూర్చుని కర్ర ఆనించాడు. ఆనించిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నాలుగు కాళ్ళకీ జానెడు ఎత్తున ఒకే నల్లటి గీత ఉంది. దాని కింద కొయ్య ఉబ్బి, అతుకు నోరు తెరిచింది. లేచి బీరువా చూశాడు, అదే ఎత్తున అదే గీత. తలుపు చూశాడు. అడుగు ఉబ్బిపోతే ఎవరో కత్తిపీటతోనో దేనితోనో చెక్కి పారేశారు. తను చేసిన తలుపుని! ముందు కోపం వచ్చింది. ఆ వంకరటింకర గాట్ల మీద వేలు పెట్టి చూస్తే అది బావ పనితనమని తెలిసిపోయింది.

"అక్కా, ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయా?"

"నీళ్ళేమిటిరా? తడిగుడ్డ పెట్టి తుడుస్తాను కదా రోజూ."

"తడిగుడ్డ పెడితే నాలుగు కాళ్ళకీ ఒకే ఎత్తున గీత పడదక్కా. ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?"

అక్క కూర్చుంది. చెంగుతో లేని చెమట తుడుచుకుంది. వానొచ్చినప్పుడల్లా చెత్తంతా అరుగు గుంజలకి పట్టుకుంటుందనీ, కాలవ పొంగి రోడ్డు దాటి సందులోకి దిగుతుందనీ, అరుగు వేసిన ఏడాది నుంచీ ఇంతేననీ మెల్లగా చెప్పింది.

"ఇన్నేళ్ళా? నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పొద్దని మీ బావ దగ్గర నేనే మాట తీసుకున్నాను. ఈ ఊళ్ళో ఎవరికీ తల వంచకుండా కూర్చునేది నువ్వొక్కడివేరా. ఆ అరుగు మీద కాలు మీద కాలేసుకుని నువ్వలా కూర్చుంటే చూడ్డం నాకిష్టం. దానికోసం నాలుగు బిందెల నీళ్ళు ఎత్తిపోసుకుంటే నాకేం అరిగిపోయింది?"

రాజావారు కొలకర్ర చంకన పెట్టుకుని బయటికి వచ్చాడు. సందులోంచి వస్తుంటే పక్కింటి కుట్టుపని ముసలావిడ గది కనిపించింది. మిషను ఇటుకల మీద ఉంది. బట్టల మూటలు దూలానికి వేలాడుతున్నాయి. వచ్చినప్పుడల్లా చూసినవే. ఆవిడ అలవాటేమో అనుకునేవాడు. వానకి రోడ్డు మీద పారే నీళ్ళు ఎటు దిగుతాయో ఎన్నడూ చూడలేదు.

నేరుగా వచ్చి రంపం తీశాడు. బావ కూరల సంచితో వచ్చేసరికి పలకల మీద రంపం గరగరలాడుతోంది. విషయం అర్థమై బావ సంచి కింద పెట్టాడు.

"నువ్వైనా ఎందుకు చెప్పలేదు బావా?" రాజావారు తల ఎత్తలేదు.

"మీ అక్క ఒట్టు పెట్టించింది. అందుకే ఏటా ఆఫీసుకి అర్జీ పెట్టాను. ఇన్నేళ్ళకి కదిలింది."

రంపం ఆగింది. "అర్జీయా! నా అరుగు మీద కూర్చుని, నా మంచినీళ్ళు తాగి, నా మీదే అర్జీ పెట్టావా?"

"నీ మీద కాదు. కాలవ మీద."

"రోడ్డు దాటి వచ్చి ఒక్క మాట అంటే ఆ పూటే తీసేసేవాణ్ణి కదా! ఇన్నేళ్ళు నీళ్ళలో కూర్చుని గవర్నమెంటు కోసం ఎదురుచూశావా? ఇదా నీ గవర్నమెంటు గొప్ప?"

"తీసేసేవాడివే. ఎవరి కోసం? మీ అక్క కోసం. ఆ కుట్టుపనావిడ వచ్చి చెబితే తీసేవాడివా?"

రాజావారు రంపం కింద పెట్టాడు. ఆవిడ ఒకసారి వచ్చింది. కాలవ గురించేదో నసిగింది. నా గుమ్మానికి నేనే రాజునని ఆవిడకి మొత్తం ఉపన్యాసం వినిపించి పంపించాడు. అది ఇప్పుడు గుర్తొచ్చింది.

"అక్కా చెల్లీ కానివాళ్ళ కోసంరా గవర్నమెంటు," అన్నాడు బావ. "అది ఆలస్యంగా వస్తుంది, ఎర్రరంగు పూసి పోతుంది, అన్నీ నిజమే. కానీ ఆవిడకి నువ్వు తమ్ముడివి కావు కదా."

రాజావారు కొలకర్ర తీసి, ఎర్రగీతకి ఇవతలగా, గుమ్మం వైపు, ఇంకో గీత గీసుకున్నాడు.

"వాళ్ళ గీత దాకా చాల్లేరా" అన్నాడు బావ.

"వాళ్ళ గీతకి ఇవతల కూడా రెండు గుంజలున్నాయి. వాటికీ చెత్త పట్టుకుంటుంది. వాళ్ళు పైనుంచి చూసి పోయారు. కాలవలోకి దిగి చూసింది ఎవరు?" అని రంపం ఆనించాడు. పలక ఊగింది. బావ పైబొత్తాం విప్పి, కాలవ అంచున నిలబడి, పలక చివర రెండు చేతులా పట్టుకున్నాడు. "గట్టిగా పట్టుకో, చీలిపోతుంది" అన్నాడు రాజావారు. "పట్టుకునే ఉన్నాను" అన్నాడు బావ. అరుగు మొత్తం ఊడింది. గుంజలు కూడా పీకేశారు.

సోమవారం మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి, కోయడానికేమీ లేక, బిక్కమొహాలేసుకుని వెళ్ళారు. రాజావారు వాళ్ళకి మంచినీళ్ళిచ్చాడు గానీ, "మీరు చెప్పినందుకు కాదు" అని చెప్పకుండా మాత్రం వదల్లేదు.

అయితే కూర్చోవడానికి చోటు పోయింది. బావ వచ్చి గుమ్మం ముందు నిలబడేవాడు. నిలబడి ఎంతసేపని వాదిస్తాడు? వాదన దొంగ దాకా రాకుండానే మోకాళ్ళు లాగేవి. "వస్తానురా" అని వెళ్ళిపోయేవాడు. రాజావారు చిన్నబోయి ఉలి కింద పెట్టేసేవాడు. అలా కొన్నాళ్ళు చూసి, పాత అరుగు పలకల్లో బాగున్నవి ఏరి, వాటిని గుమ్మం పక్క గోడకి మడతబందులతో బిగించాడు. దించితే కాలవ మీదుగా బల్లలా నిలుస్తుంది. కింద గుంజల్లేవు, గోడలోంచి రెండు దన్నుకర్రలు. ఎత్తితే గోడకి అతుక్కుపోతుంది.

బావ జేబులోంచి టేపు తీసి కొలిచాడు. "కాలవ మీదకి జానెడు వచ్చింది. ఆక్రమణ కిందకే వస్తుంది."

"అయితే మళ్ళీ అర్జీ పెట్టుకో."

బావ టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. తరువాత ఒళ్ళు సర్దుకుని దాని మీద కూర్చున్నాడు. "వానొస్తే ఎత్తుతావా?"

"ఒకరు చెబితే ఎత్తను. నాకు బుద్ధి పుడితే ఎత్తుతాను."

ఆ వారంలోనే ఒక సాయంత్రం మబ్బు పట్టింది. బావ వాదనలో దొంగ దగ్గరికి వచ్చాడు, ఇంకో రెండు మాటల్లో గెలిచేలా ఉన్నాడు. "లే బావా" అన్నాడు రాజావారు. "ఉండరా, మాట పూర్తి కానీ, ఇంకా చినుకే పడలేదు" అన్నాడు బావ. "లే అంటున్నానా!" అని చెయ్యి పట్టి లేపి, బల్ల ఎత్తి గోడకి కొక్కెం వేశాడు. చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ గుమ్మంలో భుజాలు తగిలేలా నిలబడి చూస్తున్నారు. కాలవలో నీళ్ళు చెత్తను లాక్కుంటూ ఆగకుండా పోతున్నాయి. ఎదురు సందులో కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. అక్క గుమ్మంలోకి వచ్చి, పొడిగా ఉన్న గడప మీద కూర్చుని, తమ్ముణ్ణి చూసి చెయ్యి ఊపింది.