రసమట్టం కంట్లో వాలు

రైలుపట్టాలు సరిచేసే గ్యాంగుకు పెద్ద అయిన మేటుకు అసలు పేరు జీతాల పుస్తకంలోనే ఉంది. లోకానికి మాత్రం రసమట్టం, అంటే మేస్త్రీలు వాలు చూసే బుడగబద్ద. నేల మీద బోర్లా పడుకొని, చెంప పట్టాకు ఆనించి, ఒక కన్ను మూశాడంటే చాలు, ఫర్లాంగు అవతల చీమ తుమ్మితే పట్టా ఎంత కుంగిందో చెప్పేస్తాడని ప్రతీతి. అతిశయమంటారా? పోయి ఆ చీమనే అడగండి. ఆ కన్నే ఆయన ఉద్యోగం, పరువు, పొగరు.

అలాంటి మనిషి పెరట్లో బొమ్మరైలు వేయబోతే, పట్టాల కింద ఏం పరవాలన్న దగ్గరే పేచీ మొదలైంది. బావమరిది తాపీమేస్త్రి. సిమెంటు తప్ప మరో దేవుణ్ణి ఎరగడు.

"జానెడు వెడల్పున కాంక్రీటు పోసేద్దాం బావా. మునిమనవలు ఎక్కి తొక్కినా కదలదు."

"కదలకపోతే అది గోడరా, రైలుదారి కాదు. వానొస్తే నీళ్లెక్కడికి పోతాయి, మీ అక్క వంటింట్లోకా?"

"నా వంటింటి జోలికొస్తే ఇద్దర్నీ ఆ కాంక్రీటులోనే పాతేస్తా," అంది కిటికీలోంచి మేటు భార్య.

చివరికి మేటు పట్టుబట్టిన కంకరే నెగ్గింది. మేటు బెత్తెడు లోతు తవ్వి, సన్నకంకర పోసి, గట్టిగా దిమ్మిస కొట్టి, గోడ దగ్గర నుంచి నీళ్లతొట్టి దాకా పట్టాలు పరిచాడు. బోర్లా పడుకొని చూశాడు.

"అద్దమేరా!"

మేస్త్రి సంచిలోంచి మట్టంబద్ద తీసి పట్టాల మీద పెట్టాడు. బుడగ గోడవైపు పోయి కూర్చుంది, అంటే అటు ఎత్తు.

"నీ బద్దకు మతి పోయింది."

మేస్త్రి బద్దను అటుదిటు తిప్పి పెట్టాడు. తప్పు బద్దదే అయితే బుడగ ఈసారి తొట్టివైపు పోవాలి. మళ్లీ గోడవైపే పోయింది. మేటు ఒక బొమ్మరైలు పెట్టెను పట్టాల మీద ఉంచి చెయ్యి తీశాడు. ఎవరూ తోయకుండానే అది గడగడా తొట్టిదాకా జారిపోయింది.

"రసమట్టంలో రసం ఇంకిపోయింది!" అని పగలబడి నవ్వబోయిన మేస్త్రి, బావ ముఖం చూసి ఆగిపోయాడు.

మేటు ఎడమ కన్ను మూశాడు. గోడ అంచు నడుమ అలలా వంగింది. కుడి కన్ను మూశాడు. నిటారుగా నిలబడింది. ముప్ఫై ఏళ్లుగా పట్టాలు చూసింది కుడి కంటితోనే.

"మొన్న మంగళవారం వంతెన అవతల మలుపు సరిచేశాం," అన్నాడు మెల్లగా. "గ్యాంగువాళ్లు కొలిచి చూద్దామన్నారు. నా కన్నుండగా కొలతలెందుకని కసిరేశాను."

"ఏం కాదులే బావా. రైళ్లు పోతూనే ఉన్నాయిగా."

"పోతున్నాయిరా. రోజుకు ఇరవై రెండు."

భార్య పెరట్లోకి వచ్చింది. "ఏమయ్యా, చెప్పావంటే నిన్ను మళ్లీ పట్టాల మీదికి పోనిస్తారా? గుట్టుగా వెళ్లి నువ్వే సరిచేసుకో."

"ఏ కంటితో?"

మేటు అక్కడే కంకర మీద కూలబడి, ఫోను తీసి ఇంజనీరుకు చేశాడు.

"అయ్యా, మేటునండీ. వంతెన మలుపులో బళ్లను నెమ్మదిగా పోనివ్వమనండి. ఇప్పుడే. కొలవడానికి ఇంకెవరినైనా పంపండి."

ఎందుకని అడిగారు అవతల. గొప్పలు చెప్పుకోవడానికి ఏనాడూ మాట తడుముకోని మనిషి, కుడి కన్ను అరచేత్తో మూసుకొని చెప్పాడు.

"నాకు వాలు కనబడటం లేదండీ."