పండుగ గుర్తుల ఫీల్డ్‌మన్ కాక

ఫీల్డ్‌మన్ కాక పోయిన సంగతి నాకు బోధన్ బస్సులో తెలిసింది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో, ఒక చెరకు లారీ ఫోటోకీ ఇంకో చెరకు లారీ ఫోటోకీ మధ్య, ఆయన పాత ఫోటో ఒకటి పెట్టి కింద జోడించిన చేతులు వేశారు. పొద్దున చాయ్ తాగి అట్లాగే మంచం మీద ఒరిగాడట. నేను బస్సు దిగేలోపు ఆ ఫోటో కింద చాలా చేతులు చేరాయి. అందులో సగం మంది ఆయనను చూసి కూడా ఉండరు. నేను మాత్రం ఏమీ పెట్టలేకపోయాను. ఆయన కోసం నేను నోరు విప్పవలసిన రోజు ఒకటి వచ్చింది, ఆ రోజు విప్పలేదు. ఇప్పుడు చేతులు జోడించే బొమ్మ ఏ ముఖంతో పెట్టను?

చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మన్ అంటే ఊరూరా తిరిగి, ఎవరు ఎప్పుడు చెరకు నాటారో రాసుకుని, ఎవరి తోట ఎప్పుడు కోయాలో చెప్పే మనిషి. కోతకు వంతు ఉంటుంది. ముందు నాటింది ముందు కోయాలి. వంతు తప్పితే తోట ఎండుతుంది, తూకం పోతుంది, రైతు ఉసురు తగులుతుంది. కాక ఈ పని బోధన్‌లో మొదలుపెట్టాడు. అక్కడ ఫ్యాక్టరీ మూతబడ్డాక మా చిన్న ఫ్యాక్టరీకి వచ్చాడు. నేను నిజామాబాద్‌లో కంప్యూటర్ల డిగ్రీ చదివి ఆ చెరకు ఆఫీసులో చేరేనాటికి ఆయనకు అరవై దాటాయి. ఆయన లాంటి వాళ్లు ఇంకో ముగ్గురు ఉండేవారు. వాళ్ల బల్ల దగ్గర ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, మా బల్ల దగ్గర చెవుల్లో ఇయర్‌ఫోన్లు. రెంటికీ మధ్య తిరిగేది చాయ్ కెటిల్ ఒక్కటే.

అందరూ ఆయన్ని కాక అనేవారు, నేనూ అన్నాను. పాత మోపెడ్‌కు ముందు ఒక గుడ్డసంచి, అందులో డైరీ, ఒక కత్తి. ఏ తోటలోకి పోయినా ఒక గడ విరిచి, మొదలు పక్కన పడేసి, కొస ముక్క నమిలేవాడు. తియ్యటిది వదిలేసి చప్పటిది తింటావేమిటి కాకా అని నవ్వాను ఒకసారి.

"మొదలు ఎప్పుడైన తియ్యగనే ఉంటది బిడ్డ. కొస తియ్యగైతెనే పంట అయినట్టు," అన్నాడు.

మా ఫ్యాక్టరీకి యాప్ వచ్చిన ఏడు అది. ఫీల్డ్‌మన్లు పొలంలో నిలబడి, రైతునూ తోటనూ కలిపి ఫోటో తీసి పంపాలి. కాక ఫోన్‌ను రెండు చేతుల్లో పట్టుకుని, వేడి గిన్నెను ముట్టుకున్నట్టు వేలు తగిలించి వెనక్కి తీసుకునేవాడు. ఆయన పంపిన మొదటి విడత ఫోటోల్లో ఒక్క ముఖం లేదు. అన్నీ చెరకు మొదళ్లు, రైతుల పాదాలు. మా బల్ల దగ్గర పడీ పడీ నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

"మొగం ఎందుకు బిడ్డ? మొగం పెండ్లి ఫోటోల సూడొచ్చు. మడిమలకు మన్ను ఉన్నదంటే రోజు పొలానికి వోతున్నట్టు. గా తోటకు ఢోకా లేదు," అన్నాడు ఆయన, ఏమీ నొచ్చుకోకుండా.

తర్వాత నేర్చుకున్నాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూసి నా పక్కన కుర్చీ వేసుకుని, మనవరాలి ఈడు పిల్ల దగ్గర చదువుకుంటున్నానన్న నామోషీ లేకుండా అడిగి అడిగి నేర్చుకున్నాడు. ఒక్కదానికి మాత్రం ఒప్పుకోలేదు. డైరీలో తారీకులు రాయలేదు. రైతులు ఎట్లా చెప్తే అట్లాగే రాసేవాడు. 'తొలి ఏకాశి తెల్లారి.' 'పీర్ల పండుగ అయిన మూడోనాడు.' మా వైపు ఎవరిని అడిగినా నాటు గురించి అట్లాగే చెప్తారు. తారీకు అడిగితే తలగోక్కుంటారు, పండుగ అడిగితే ఆనాడు వండిన కూర కూడా చెప్తారు.

ఆ డైరీలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాది. ఏముంది, పండుగ పక్కన తారీకు వేయడమే కదా అనుకున్నాను. గోడ మీద క్యాలెండర్ ఉంది. అందులో చూసి ఏకాదశికి ఒక తారీకు, పీర్ల పండుగకు ఒక తారీకు వేసుకుని రెండు రోజుల్లో ఊళ్లకు ఊళ్లు ఎక్కించేశాను. పని తొందరగా అయిందని మేనేజర్ సారు మెచ్చుకున్నారు కూడా.

గోడ మీద ఉన్నది ఆ ఏటి క్యాలెండర్. చెరకు నాటింది అంతకు ముందు ఏడు. నడుమ అధికమాసం వచ్చి ఏకాదశి దాదాపు ఇరవై రోజులు ఆలస్యంగా వచ్చింది. పీర్ల పండుగేమో ఎప్పటిలాగే పదిరోజులు ముందే వచ్చింది. అందరికన్నా ముందు నాటినవాళ్లు నా కంప్యూటర్‌లో వెనకబడ్డారు, తర్వాత నాటినవాళ్లు ముందుకొచ్చారు. ఇంట్లో ఉపవాసాలన్నీ అమ్మే చూసుకునేది. పండుగ ఏటేటా జరుగుతుందని నాకు తెలియక కాదు, తట్టలేదు.

కాక పట్టుకున్నాడు. రుద్రూర్ వైపు ఒక రైతక్క తోట మొదటి వారంలోనే కోయాల్సింది. బోరు అడుగంటింది. యాప్‌లో చూస్తే ఆమె పేరు ఎక్కడో చివర ఉంది. ఆయన ఆఫీసుకు వచ్చి నన్నేమీ అడగలేదు. లిస్టు చూశాడు, గోడ మీద క్యాలెండర్ చూశాడు. తర్వాత, "బండెక్కు," అన్నాడు.

ఆ తోట గట్టు మీద నిలబెట్టి చూపించాడు. ఆకులు సగం దాకా ఎండిపోయాయి, కోత అదను దాటిందన్నట్టు కొసల్లో వెండి రంగు పూత లేచింది. నేను డేటా సరిచేస్తాను కాకా, ఐదు నిమిషాల పని అన్నాను.

"కంప్యూటర్ల చెరుకు ఎండది బిడ్డ. గిది ఎండుతది," అన్నాడు. "ముందుగాల గా అక్కకు సెప్పు."

చెప్పాను. తప్పు నాదేనని ఆమె ముందు నిలబడి చెప్పాను. ఆమె నన్ను తిట్టింది. పట్నం పోరికి పండుగలు గూడ తెల్వవా అంది. తిట్టడం అయ్యాక గట్టు మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. కాక ఈలోపు ఫోన్‌లో మరాఠీలో మాట్లాడుతున్నాడు. మహారాష్ట్ర నుంచి వచ్చిన కోత కూలీల పెద్దను అన్నా అంటాడు, బతిమాలతాడు, నవ్వుతాడు. మూడో రోజుకు ఆ తోటలో కత్తులు దిగాయి. కొంత తూకం పోయింది, మిగతాది దక్కింది. అట్లా వెనకబడ్డ తోటలు ఇంకా ఉన్నాయి. మోపెడ్ మీద ఊరూరా తిరిగి, ఒక్కొక్కటే వెతికి వంతు సరిచేశాడు.

అదే వారం మేనేజర్ సారు మీటింగ్ పెట్టారు. యాప్ తనంతట తాను నడిచేటట్టయితే వచ్చే సీజన్ నుంచి పాత ఫీల్డ్‌మన్లను ఉంచుకోవలసిన అవసరం లేదని పైవాళ్లు అంటున్నారని ముందే చెప్పారు. తర్వాత లిస్టు చేతిలో పట్టుకుని అడిగారు. "ఇన్ని ఊళ్లలో వంతులు ఎట్లా తప్పినయ్? కంప్యూటర్‌ల తప్పా, డైరీల తప్పా?"

ఒక్క మాట చాలు. 'కంప్యూటర్‌ల' అంటే చాలు, యాప్‌ను నమ్మలేమని తేలిపోయేది. ఆ నలుగురి కుర్చీలూ నిలిచేవి. నాది పోయేది, పోవలసిందే. కాక లేచి నిలబడ్డాడు.

"డైరీలనే సారు. పండుగ పేరు రాసిన, తారీకు రాయలే. తప్పు నాదే," అన్నాడు.

నేను తల వంచుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాట వినగానే బాధకన్నా ముందు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరిని నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. బయటికి వచ్చాక సైకిల్ షెడ్ దగ్గర ఏడుస్తూ, పోయి చెప్తా కాకా అన్నాను.

"ఎవలికి సెప్పాలె? గా అక్కకు సెప్పినవ్. ఆడ సెప్పాలె, సెప్పినవ్. ఈడ సెప్తే నిన్ను తోలేస్తరు. నేనెట్లైన పొయ్యేటోన్నే గదనే!" అని మోపెడ్ స్టార్ట్ చేసుకున్నాడు.

సీజన్ అయిపోగానే ఆయనకు శాలువా కప్పి పంపించారు. మిగతా ముగ్గురినీ తర్వాతి ఏడు పనిలోంచి తీసేశారు. నేనున్నాను. యాప్‌లో తారీకు పక్కన 'ఏ పండుగకు నాటారు' అనే గడి ఒకటి పట్టుబట్టి పెట్టించాను. కొత్తగా చేరినవాళ్లు దాన్ని చూసి నవ్వుతారు. నవ్వనిస్తాను.

అప్పుడప్పుడు కాక ఇంటికి పోయి చూసేదాన్ని. మంచిగున్నా బిడ్డ, ఆరాం ఉన్న అనేవాడు. నేను నమ్మాను, నమ్మడం నాకు సులువు కాబట్టి.

దినాలకు పోయాను. పందిరి కింద రైతులు వరసగా కూర్చున్నారు. చిన్నమ్మ, అంటే కాక భార్య, లోపల గోడకు ఆనుకుని ఉంది. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఎన్నాళ్ల నుంచో గొంతులో ఉన్నదంతా చెప్పేశాను. తప్పు నాదని, ఒక్క మాట అని ఉంటే ఆయన నౌకరీ నిలిచేదని, నేను నోరు మూసుకున్నానని.

ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకెరికే. ఆ దినమే సెప్పిండు," అంది. "నేను కొట్లాడిన. వారం రోజులు మాట్లాడలే. ఎవలి పిల్ల కోసమో నీ బువ్వ ఇడిసిపెట్టి వస్తవా అన్న. గా పిల్లకు ఇంక ముప్పై ఏండ్ల నౌకరీ ఉన్నది, నాకు రెండేండ్లే గదనే అన్నడు."

వాకిట్లోని మోపెడ్ వైపు చెయ్యి చూపింది.

"పని లేక రెండేండ్లు గూడ బతుకలేకపోయిండు బిడ్డ. పొద్దుగాల లేసి బండి తుడుస్తుండె. ఏడికి వోతవయ్యా అంటే ఏడికి లేదు అంటుండె. మల్ల మర్నాడు తుడుస్తుండె. నిన్ను సూస్తే నాకు ఇప్పటికి కోపమొస్తది. అబద్ధమెందుకు?"

లేచి పోదామనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"ఏడికి వోతున్నవ్? బువ్వ తిని పో."

ఆమే విస్తరి వేసింది, ఆమే వడ్డించింది. అందరూ తిని లేచిపోయారు. ఆమె నా ఎదురుగా కూర్చుని, ముఖం వైపు చూడకుండా నా చేతినే చూస్తూ, నేను వద్దన్నకొద్దీ పెట్టింది. ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.