అన్న మింగిన గొట్టం

మా అన్న సీతారాములు కుదురుగా కూర్చునేది మగ్గం గుంటలోనే. బయట అయిదు నిమిషాలు ఒకచోట నిలిస్తే ఒట్టు! అలాంటి మనిషికి 1965లో తిన్నది తిన్నట్టే పోయే రోగం పట్టుకుంది. ఏడాదిలో సగమయ్యాడు. మగ్గం తొక్కడానికి కాళ్లలో సత్తువ లేదు.

భువనగిరి నుంచి పట్నంలో పెద్ద దవాఖానకు నేనే తీసుకుపోయాను. డాక్టరు ఒక సన్న గొట్టం చూపించాడు. దాని కొసన చిక్కుడు గింజంత ఉక్కు గోళీ, అందులో చిన్న కత్తి. మింగితే మెల్లగా చిన్నపేగు దాకా దిగి, అక్కడ చిటికెడు పొర తెంపుకొస్తుందట. ఆ పొరను చూస్తే రోగమేదో తెలుస్తుందట.

"దానంతట అదే లోపలికి పోవాలె. ఎవ్వరూ గుంజొద్దు. సాయంత్రం దాక పేగుల చేరకుంటే రేపు కడుపు కోసి చూసుడే" అన్నాడు.

మేమేమో సాలెవాళ్లం. పోగు వదులైతే చెయ్యి ఊరుకోదు. గొట్టం మింగిన గంటలోనే రెండుసార్లు అన్న దాన్ని పట్టుకోబోయాడు. నాకు ఒళ్లు మండింది.

"గా చేతులు జర ఊకుంచవా? చిన్న పోరనివా?"

"నా వశమైతలేదు తమ్మీ. కట్టెయ్."

రుమాలుతో కట్టేశాను. నోట్లో గొట్టంతోనే వరండాలో తిరిగాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. వెంట నేనూ. మధ్యాహ్నానికి అలసిపోయి బల్ల మీద ఒరిగాడు. గొట్టం పెదవి మీద నుంచి వదులుగా వేలాడుతోంది. అయ్యో, ఏం చెప్పను! నా చెయ్యే పోయి దాన్ని బిగలాగింది. మూరెడు బయటికొచ్చింది.

ఎక్స్‌రేలో చూస్తే గోళీ మళ్లీ పొట్టలోకే వచ్చేసింది. డాక్టరు నన్ను నానా తిట్లూ తిట్టాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అన్న మాత్రం "నువ్వు బయట నిలబడు తమ్మీ" అన్నాడంతే.

నిలబడితే కదా! గేటుకూ మెట్లకూ మధ్య కాళ్లరిగేలా తిరిగాను. పొద్దుగూకే వేళకు పిలిచారు. పొర తెగి వచ్చింది.

నాలుగో రోజు రోగం తేలింది. కోత అక్కర్లేదు, ఆరు నెలలు మాత్రలు వాడితే చాలన్నారు. మెట్లు దిగుతుంటే ఉండబట్టలేక అడిగాను.

"ఆ పొద్దు నన్నెందుకు తిట్టలేదన్నా?"

"తిడితే నువ్వు అన్నం మానేస్తవ్. ఏడాది సంది తిన్నది ఒంటికి పట్టక, తిననోని బాధ నాకెరుకైంది."